పేస్‌మేకర్ కోసం బయల్దేరిన మామ్మగారు: 18 మిల్లీవోల్టుల తేడా

మే నెలాఖరు. రోహిణి కార్తె ఎండ. మధ్యాహ్నం రెండున్నరకి ఒక అంబులెన్సు మా నర్సింగ్ హోమ్ ముందు ఆగింది. అది మా దగ్గరికి రావాల్సింది కాదు. కోనసీమలో ఒక పల్లె నుంచి కాకినాడ వెళ్తోంది. లోపల 74 ఏళ్ల మామ్మగారు. కొడుకు చేతిలో చీటీ: కంప్లీట్ హార్ట్ బ్లాక్ (గుండె పై గదుల నుంచి కింది గదులకి కరెంటు అందకపోవడం), పేస్‌మేకర్ కోసం పంపుతున్నాం, గుండె వేగం పెంచే అట్రోపిన్ 0.6 మిల్లీగ్రాములు రెండుసార్లు ఇచ్చాం, ఫలితం లేదు. దారిలో ఆవిడ పలకడం మానేసరికి కొడుకు భయపడి, ఎప్పుడూ చూపించే డాక్టరు దగ్గరికి బండి తిప్పించాడు. ఆ డాక్టర్ని నేనే. రెండు నెలల కిందట ఆవిడ మందుల్లో కొత్త మాత్ర ఒకటి కలిపిందీ నేనే.

"అమ్మ గుండెలో కరెంటు తగ్గిపోయిందంటండీ. బ్యాటరీ పెట్టాలంటండీ" అన్నాడు కొడుకు.

ఆ మాట తప్పేమీ కాదు. గుండెలో కరెంటు నిజంగానే తగ్గింది. ఎందుకు తగ్గిందన్నదే ఈ కేసు. కుటుంబం అనుమతితో రాస్తున్నాను. ఆవిడని గుర్తుపట్టే వివరాలు మార్చాను. వైద్యానికి సంబంధించిన అంకెలు మార్చలేదు.

వచ్చినప్పటి పరిస్థితి

పల్స్ 32. బీపీ 80/50. చేతులు, కాళ్లు చల్లగా ఉన్నాయి. గట్టిగా పిలిస్తే కళ్లు తెరుస్తారు, వెంటనే మూసేస్తారు. నాలుక ఎండిపోయి, గీసుకుపోయినట్టుంది. ఊపిరి నిమిషానికి 26 సార్లు, ఛాతీలో చెమ్మ చప్పుడు లేదు. జ్వరం లేదు. షుగర్ 148. ఆక్సిజన్ 94 శాతం.

కోడలు చెప్పిన సంగతులు కేస్ షీటులో ఆవిడ చెప్పిన వరుసలోనే రాసుకున్నాను. మూడు రోజుల కిందట పెళ్లి భోజనం. ఆ రాత్రి నుంచి విరేచనాలు, రెండు రోజులపాటు రోజుకి ఆరేడు సార్లు. అన్నం సయించలేదు. నీరసం తగ్గాలని పెరట్లో చెట్టు దింపించి రోజుకి నాలుగైదు బొండాలు తాగించారు. మోకాళ్ల నొప్పులకి వారం రోజులుగా మందుల షాపులో కొన్న డైక్లోఫెనాక్ మాత్రలు వేసుకుంటున్నారు. ఒంటేలు ఎప్పుడు వెళ్లారని అడిగితే మొహమొహాలు చూసుకున్నారు. ముందు రోజు సాయంత్రం తర్వాత వెళ్లినట్టు ఎవరికీ గుర్తులేదు.

"అత్తయ్యగారికి మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా మానలేదండీ" అంది కోడలు. ఎంతో శ్రద్ధగా చూసుకున్న మనిషి అన్న మాట అది. వింటుంటే నా కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది.

ఆ మాత్రలు ఇవి: బీపీకి టెల్మిసార్టన్ 40, అటెనొలాల్ 50, నేను కలిపిన స్పైరనొలాక్టోన్ 25. షుగరుకి మెట్‌ఫార్మిన్. డిజాక్సిన్ అనే గుండె మందు లేదు. అది ఉందో లేదో ముందే తెలుసుకోవాలి. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

ఈసీజీ

చీటీతోపాటు వచ్చిన ఈసీజీ, మేం తీసిన ఈసీజీ పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ ఒకే మాట చెప్తున్నాయి. గుండె పై గదుల్లో కరెంటుకి గుర్తయిన పి తరంగం ఎక్కడా లేదు. కింది గదుల్లో కరెంటు పాకడాన్ని చూపే క్యూఆర్ఎస్ వెడల్పు 160 మిల్లీసెకన్లు, అంటే కాగితం మీద నాలుగు చిన్న గళ్లు. మామూలుగా అది మూడు గళ్లు దాటకూడదు. వేగం 32. ఇంతవరకే చూస్తే కంప్లీట్ హార్ట్ బ్లాక్ అనుకోవడం సహజం. ఆ వయసులో, ఆ పల్స్‌తో వచ్చిన పేషెంటుకి ఎక్కువసార్లు అదే నిజమవుతుంది కూడా.

కానీ కంప్లీట్ హార్ట్ బ్లాక్‌లో పై గదులు తమ పని తాము చేసుకుంటూనే ఉంటాయి. పి తరంగాలు తమ దారిన నడుస్తుంటాయి, కింది గదులు తమ దారిన. ఇక్కడ పి తరంగమే లేదు. దానికి తోడు ఛాతీ మీద పెట్టే వీ3 లీడ్‌లో, కింది గదులు తిరిగి తేరుకోవడాన్ని చూపే టీ తరంగం 14 మిల్లీమీటర్ల ఎత్తు. ఎత్తు ఒక్కటే అయితే అంత పట్టించుకునేవాణ్ని కాదు. కింద సన్నగా, పైన మొనదేలి, అటూ ఇటూ సమంగా, పాక కప్పులా ఉంది. తీగలు అరిగిపోయిన గుండె ఇలా కనిపించదు. రక్తంలో పొటాషియం పెరిగిన గుండె ఇలా కనిపిస్తుంది.

రక్తం తీసి ల్యాబ్‌కి పంపాం. రిపోర్టు రావడానికి అరగంట. ఆ అరగంట ఆగే స్థితిలో ఆవిడ లేరు.

రక్తంలో పొటాషియం పెరిగితే గుండెలో కరెంటు ఎందుకు తగ్గుతుంది

మన ఒంట్లో ప్రతి కణమూ ఒక చిన్న బ్యాటరీ. కణం లోపల పొటాషియం ఎక్కువ, లీటరుకి సుమారు 140 యూనిట్లు. బయట రక్తంలో 4 మాత్రమే. సోడియం దీనికి తలకిందులు, బయట ఎక్కువ, లోపల తక్కువ. ఈ తేడాని నిలబెట్టేది కణపొర మీద ఉండే ఒక పంపు. ఒక్కో విడతకి మూడు సోడియంలని బయటికి తోసి, రెండు పొటాషియంలని లోపలికి లాగుతుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ దీన్ని 1957లో కనిపెడితే, 1997లో నోబెల్ బహుమతి వచ్చింది. ఊపిరి ఉన్నంతకాలం ఈ పంపు ఆగదు.

లోపల కిక్కిరిసిన పొటాషియం కొద్దికొద్దిగా బయటికి కారుతూ ఉంటుంది. అలా కారడం వల్లే కణం లోపలి వైపు రుణావేశంలో ఉంటుంది. బయట పొటాషియం 4 ఉంటే లెక్క ప్రకారం ఈ వోల్టేజీ దాదాపు మైనస్ 95 మిల్లీవోల్టులు. బయట 7.8కి పెరిగితే కారే వేగం తగ్గి మైనస్ 77 దగ్గర నిలుస్తుంది. తేడా 18 మిల్లీవోల్టులు. టార్చిలైటులో వేసే సెల్లు 1,500 మిల్లీవోల్టులది. దాంట్లో ఎనభయ్యో వంతు.

ఆ మాత్రం తేడాకే గుండె చతికిలబడుతుంది. గుండె కణం కొట్టుకోవాలంటే ముందు సోడియం తలుపులు ఒక్కసారిగా తెరుచుకోవాలి. వోల్టేజీ పూర్తిగా మైనస్‌లో ఉన్నప్పుడే ఆ తలుపులు తెరుచుకోవడానికి సిద్ధంగా ఉంటాయి. మైనస్ 77 దగ్గర చాలా తలుపులు గడియ పడిపోయి ఉంటాయి. ఉన్న కొద్దిపాటి తలుపులతో కరెంటు ఒక కణం నుంచి పక్క కణానికి ఈడ్చుకుంటూ పోతుంది. కాగితం మీద వెడల్పయిన క్యూఆర్ఎస్ అంటే ఆ ఈడ్పే. పై గదుల కండరం పొటాషియానికి ముందుగా లొంగిపోతుంది, అందుకే పి తరంగం ముందుగా మాయమవుతుంది. ఇంకా పెరిగితే క్యూఆర్ఎస్, టీ రెండూ కలిసిపోయి ఒకే అలలా సాగుతాయి. ఆ తర్వాత గీత సమంగా పడుతుంది.

ఇలాంటి గుండెకి బ్యాటరీ పెట్టినా, పేస్‌మేకర్ ఇచ్చే దెబ్బని కండరం అందుకోలేకపోవచ్చు. తీగ ఎంత మంచిదైనా, అది ఆనుకున్న కండరంలో వోల్టేజీ సరిగా ఉండాలి కదా. అంబులెన్సు నేరుగా వెళ్లి ఉంటే దారిలో మిగిలిన గంటన్నర ఏమయ్యేదో నేను ఇప్పటికీ తలుచుకుంటాను.

మొదటి పది నిమిషాలు

10 శాతం కాల్షియం గ్లూకోనేట్, 10 మిల్లీలీటర్ల ఆంప్యూల్. క్యాన్యులా సరిగ్గా రక్తనాళంలోనే ఉందని సెలైన్ తోసి చూసుకున్నాక మొదలుపెట్టాం. కాల్షియం పక్కకి లీకైతే చర్మం కుళ్లిపోతుంది. డిజాక్సిన్ వాడేవాళ్లకైతే కాల్షియం ఇంకా జాగ్రత్తగా, నెమ్మదిగా ఇవ్వాలి, అందుకే ముందే అడిగాను. సిస్టర్ సిరంజి పట్టుకుని ఐదు నిమిషాల్లో పూర్తయ్యేలా నెడుతోంది. నేను మానిటర్ చూస్తున్నాను. కొడుకు గుమ్మంలో నిలబడి నా మొహం చూస్తున్నాడు.

రెండు నిమిషాలు ఏమీ లేదు. మూడో నిమిషంలో క్యూఆర్ఎస్ సన్నబడటం కళ్లముందే కనిపించింది. ఒక దెబ్బకి, తర్వాతి దెబ్బకి మధ్య తేడా తెలిసేంత స్పష్టంగా. పల్స్ 38, 41. ఆంప్యూల్ అయ్యాక కాగితం తీస్తే వెడల్పు 120. పి ఇంకా రాలేదు. ఐదు నిమిషాలు ఆగి రెండో ఆంప్యూల్ మొదలుపెట్టాం. అది సగం అయ్యేసరికి క్యూఆర్ఎస్‌కి ముందు ఒక చిన్న బుడిపె. మొదట మానిటర్ వణుకేమో అనుకున్నాను. తర్వాతి దెబ్బకీ ఉంది, ఆ తర్వాతి దెబ్బకీ ఉంది. పి తరంగం వచ్చేసింది. పల్స్ 52. ఆవిడ కళ్లు తెరిచి "దాహం" అన్నారు.

కాల్షియం ఒక్క యూనిట్ పొటాషియాన్ని కూడా తగ్గించదు. గుండె కండరంలో కరెంటు నడిచే వీలు మాత్రం తాత్కాలికంగా తిరిగి ఇస్తుంది. ఆ సాయం అరగంట నుంచి గంట ఉంటుంది. ఈలోపు అసలు పని మొదలుపెట్టాలి. 25 గ్రాముల గ్లూకోజుతోపాటు 10 యూనిట్ల రెగ్యులర్ ఇన్సులిన్ ఇచ్చాం, అది పంపుని ఉరకలెత్తించి పొటాషియాన్ని కణాల్లోకి నెడుతుంది. సాల్బుటమాల్ నెబ్యులైజేషన్ కూడా అదే పని చేస్తుంది. యూరిన్ ట్యూబు వేస్తే వచ్చింది 40 మిల్లీలీటర్లు, ముదురు రంగు. బీపీ ఇంకా 90 దాటకపోతే తక్కువ మోతాదులో అడ్రినలిన్ డ్రిప్ పెట్టాం. రింగర్ లాక్టేట్ వేగంగా ఎక్కించాం.

రింగర్ లాక్టేట్ అనగానే సిస్టర్ ఒక్క క్షణం ఆగింది. "అందులో పొటాషియం ఉంటుంది కదండీ సార్" అంది. మంచి ప్రశ్న. ఉంటుంది, లీటరుకి 4. ఆవిడ రక్తంలో ఉన్నది అంతకి దాదాపు రెట్టింపు. 4 ఉన్న నీళ్లు కలిపితే 8 పెరగదు, పలచబడుతుంది.

ఆ సీసా మీద ఉన్న పేరు సిడ్నీ రింగర్ అనే లండన్ వైద్యుడిది. ఆయన ఉప్పునీళ్లలో కప్ప గుండెని ఆడిస్తూ పరీక్షలు చేసేవాడు. కొన్నాళ్లు గుండె చక్కగా కొట్టుకుంది. తర్వాత ఆరా తీస్తే ఆ ఉప్పునీళ్లు డిస్టిల్డ్ వాటర్‌తో కాక లండన్ కుళాయి నీళ్లతో కలిపారని తేలింది. శుద్ధమైన నీళ్లతో కలిపితే గుండె నీరసించి ఆగిపోయింది. కుళాయి నీళ్లలో ఉన్న కాల్షియమే గుండెని ఆడించిందని 1883లో ఆయన రాశాడు. నా పేషెంటు చేతిలోకి ఆ మధ్యాహ్నం వెళ్లిన ఆంప్యూలు, స్టాండుకి వేలాడుతున్న సీసా రెండూ ఆ కుళాయి నీళ్ల సంగతి నుంచి వచ్చినవే.

ల్యాబ్ ఫోన్

రెండో ఆంప్యూల్ అవుతుండగా ల్యాబ్ నుంచి ఫోన్. పొటాషియం 7.8. "సార్, శాంపిల్ కొంచెం హీమోలైజ్ అయినట్టుంది, మళ్లీ పంపుతారా" అన్నాడు టెక్నీషియన్. అతను అడగడం సరైనదే. రక్తం తీసేటప్పుడు కణాలు చిట్లితే లోపలి పొటాషియం బయటపడి దొంగ రీడింగ్ వస్తుంది. చేతికి గట్టిగా బిగించి కట్టినా, పిడికిలి మూసి తెరవమన్నా అంతే. కానీ దొంగ రీడింగ్ ఈసీజీని మార్చదు. కాల్షియం ఇచ్చాక ఈసీజీ తిరిగి బాగుపడిందంటే లోపల పొటాషియం నిజంగానే ఎక్కువున్నట్టు. కట్టు లేకుండా తీసిన రెండో శాంపిల్లో 7.6 వచ్చింది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 3.4. రెండు నెలల కిందట అది 1.1. బైకార్బొనేట్ 14, రక్తం పుల్లబడి ఉంది. సోడియం 131.

ఒకదాన్నొకటి తోసుకుంటూ పోయే ఈ చక్రానికి ఈమధ్య ఏళ్లలో బ్రాష్ (BRASH) అనే పేరు వాడుకలోకి వచ్చింది. గుండె వేగం తగ్గడం, కిడ్నీ దెబ్బతినడం, గుండె వేగాన్ని తగ్గించే మందు, షాక్, పొటాషియం పెరగడం, ఈ అయిదింటి ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపితే వచ్చే మాట. విరేచనాలతో ఒంట్లో నీరు పోయింది, కిడ్నీకి రక్తం తగ్గింది. అటెనొలాల్ బయటికి పోవాల్సింది కిడ్నీ గుండానే, కాబట్టి అది ఒంట్లోనే పేరుకుంది. పేరుకున్న అటెనొలాల్, పెరిగిన పొటాషియం రెండూ కలిసి గుండెని నెమ్మదింపజేశాయి. గుండె నెమ్మదిస్తే కిడ్నీకి రక్తం ఇంకా తగ్గింది. పొటాషియం ఇంకా పెరిగింది. ఇక్కడ ఏ ఒక్కటీ విడిగా ప్రాణం మీదికి తెచ్చేంత పెద్దది కాదు. పొటాషియం 6.2 ఉండి నవ్వుతూ ఓపీకి నడిచి వచ్చినవాళ్లని చూశాను. అటెనొలాల్ 50 వేసుకుని పొలం పనులు చేసేవాళ్లని చూశాను.

వయసు ఎక్కడ పనిచేసింది

పెళ్లి భోజనం ఆ ఇంట్లో అందరూ చేశారు. మనవడికీ విరేచనాలయ్యాయి, వాడూ బొండాలు తాగాడు, మర్నాడు క్రికెట్ ఆడుకున్నాడు. తేడా మాత్రల్లో కొంత ఉంది. మిగతాది వయసులో ఉంది, అది కంటికి కనిపించేది కాదు.

గుండె పైభాగంలో సైనస్ నోడ్ అని మన పుట్టుకతో వచ్చిన పేస్‌మేకర్ ఉంటుంది. 1907లో కీత్, ఫ్లాక్ దాన్ని గుర్తించారు. వయసు పెరిగేకొద్దీ అందులో కరెంటు పుట్టించే కణాలు తగ్గి, నారలాంటి కణజాలం పెరుగుతుంది. నరాల ప్రభావాన్ని మందులతో పూర్తిగా ఆపేసి, గుండె తనంతట తాను ఎంత వేగంతో కొట్టుకుంటుందో కొలిచిన పరిశోధనల నుంచి 1970లో ఒక సూత్రం వచ్చింది: 118.1 నుంచి వయసుని 0.57తో హెచ్చవేసి తీసేయాలి. 20 ఏళ్లకి 107 వస్తుంది. 74 ఏళ్లకి 76. అంటే ఆవిడ మామూలు రోజున కూడా 20 ఏళ్ల మనిషి కంటే 31 దెబ్బలు వెనకబడి ఉన్నారు. దాని మీద అటెనొలాల్ కూర్చుంది.

ఇక కిడ్నీ. రెండు నెలల కిందటి క్రియాటినిన్ 1.1 చూసి బాగుందనుకున్నాను. 45 కిలోల బరువు, 74 ఏళ్లు, ఆడమనిషి. కిడ్నీ వడపోత వేగాన్ని అంచనా వేసే కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ లెక్క వేస్తే వచ్చేది నిమిషానికి 32 మిల్లీలీటర్లు. క్రియాటినిన్ పుట్టేది కండరంలో. కండరం కరిగిపోయిన ముసలివాళ్లలో కిడ్నీ సగం చచ్చినా ఆ అంకె మామూలుగానే కనిపిస్తుంది. ఆ లెక్క వేయడానికి అర నిమిషం చాలు. నేను వేయలేదు.

ఆ కండరమే ఇంకో విధంగా కూడా ముఖ్యం. ఒంట్లో పొటాషియం 98 శాతం కణాల లోపలే ఉంటుంది, అందులో పెద్ద వాటా కండరాల్లో. బొండాం తాగినప్పుడు రక్తంలోకి వచ్చే పొటాషియాన్ని వెంటనే మింగేసి, తర్వాత తీరిగ్గా కిడ్నీకి అప్పగించే గాదె అది. 45 కిలోల మామ్మగారికి ఆ గాదె చిన్నది. పొటాషియాన్ని బయటికి పంపమని కిడ్నీకి చెప్పే ఆల్డోస్టిరోన్ హార్మోను వయసుతో, షుగరుతో తగ్గుతుంది. టెల్మిసార్టన్ దాన్ని ఇంకా తగ్గిస్తుంది. స్పైరనొలాక్టోన్ ఆ హార్మోను మాట కిడ్నీ చెవిన పడకుండా చేస్తుంది. డైక్లోఫెనాక్ కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తుంది.

కొబ్బరినీళ్ల గురించి కోనసీమలో ఉండి ఒక మాట అనాలంటే నాకు కొంచెం సంకోచమే. మా దగ్గర జబ్బుమనిషికి బొండాం ఇవ్వడం ప్రేమని చూపించే పద్ధతి. కిడ్నీలు బాగున్నవాళ్లకి అది మంచి పానీయమే. అయితే విరేచనాల్లో పోయేది ముఖ్యంగా సోడియం, నీరు. ఓఆర్ఎస్ లీటరులో సోడియం 75, పొటాషియం 20 ఉంటాయి. బొండాం నీళ్లలో ఇది తలకిందులు, పొటాషియం చాలా ఎక్కువ, సోడియం తక్కువ. ఈ మాత్రలు వేసుకునే ముసలివాళ్లకి రోజుకి నాలుగైదు బొండాలంటే మామూలు సంగతి కాదు. బీపీకి మంచిదని ఇప్పుడు షాపుల్లో దొరుకుతున్న తక్కువ సోడియం ఉప్పు కూడా ఇలాంటిదే. అందులో సోడియం క్లోరైడ్ కొంత తీసేసి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. మిగతావాళ్లకి మేలు చేస్తుంది. ఇలాంటివాళ్లకి చేటు.

ఆ రాత్రి, ఆ వారం

రెండు గంటలకి పొటాషియం 6.4. ఆరు గంటలకి 5.6. మధ్యలో ఒక చిక్కు: ఇన్సులిన్ ఇచ్చిన మూడు గంటలకి షుగర్ 62కి పడిపోయింది. కిడ్నీ పనిచేయనప్పుడు ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది, గ్లూకోజు ముందే ఖర్చయిపోతుంది. గంటగంటకీ చూడమని రాసి ఉంచాం కాబట్టి పట్టుబడింది. ఇంకో 25 గ్రాముల గ్లూకోజు ఇచ్చి, రాత్రంతా సన్నగా డ్రిప్ నడిపాం. కిడ్నీ డాక్టరుతో రెండుసార్లు ఫోన్లో మాట్లాడాను. ఒంటేలు రాకపోతే తెల్లారేలోపు డయాలిసిస్‌కి పంపాలని అనుకున్నాం. రాత్రి పదకొండుకి బ్యాగులో 180 మిల్లీలీటర్లు. తెల్లవారుజామున నాలుగుకి 600. అడ్రినలిన్ ఆపేశాం. ఉదయం పొటాషియం 4.9, పల్స్ 60, బీపీ 118/70. మూడో రోజుకి క్రియాటినిన్ 2.1, వారానికి 1.3.

రెండో రోజు కొడుకు అడిగాడు. "మరి బ్యాటరీ ఎప్పుడు పెట్టిస్తామండీ?"

ఈ ప్రశ్నకి తొందరపడి జవాబు చెప్పకూడదు. పొటాషియం తగ్గగానే అంతా బాగైపోయిందని పంపేస్తే, అడుగున దాగిన అసలు జబ్బు మిగిలిపోవచ్చు. ముసలి గుండెలో రెండూ ఉండొచ్చు. అటెనొలాల్ ఆపాక ఐదో రోజున తీసిన ఈసీజీలో పల్స్ 64, పీఆర్ (పి మొదలు నుంచి క్యూఆర్ఎస్ దాకా పట్టే సమయం) 210 మిల్లీసెకన్లు, అంటే ఉండాల్సిన దానికంటే కొంచెం ఎక్కువ. వయసు ముద్ర అది. 24 గంటలపాటు ఈసీజీని నమోదు చేసే హోల్టర్ పెట్టాం. నిద్రలో అతి తక్కువ వేగం 44. అన్నిటికంటే పొడవైన విరామం 1.8 సెకన్లు. బ్లాక్ ఎక్కడా లేదు. గుండె డాక్టరు చూసి ఇప్పుడు పేస్‌మేకర్ అక్కర్లేదన్నారు.

ఇది పేస్‌మేకర్‌కి వ్యతిరేకంగా రాస్తున్నది కాదు. అదే నెలలో 70 ఏళ్ల పెద్దాయన ఒకరు పల్స్ 34తో వచ్చారు. పొటాషియం 4.2, పి తరంగాలు తమ దారిన తాము నడుస్తున్నాయి, అలాంటి మాత్రలేవీ లేవు. ఆయన్ని గంటలోపే పంపించాను, పేస్‌మేకర్ వేశారు, ఇప్పుడు సైకిలు తొక్కుతున్నారు. 1958 అక్టోబరులో స్టాక్‌హోమ్‌లో ఆర్నె లార్సన్‌కి ప్రపంచంలో మొదటిసారి ఒంటి లోపల అమర్చిన పేస్‌మేకర్ కొన్ని గంటలకే పనిచేయడం మానేసింది. అయినా మార్చుకుంటూ మార్చుకుంటూ ఆయన 2001 దాకా, 86 ఏళ్ల వయసు దాకా బతికాడు. తీగలు నిజంగా అరిగిపోయినవాళ్లకి అంతకి మించిన వరం లేదు.

నా చీటీ

స్పైరనొలాక్టోన్ ఎందుకు రాశానంటే, అమ్లోడిపిన్ అనే బీపీ మాత్రతో కాళ్లు వాచాయి, బీపీ 160 నుంచి దిగట్లేదు. మందు ఎంపికలో తప్పుందని నేను ఇప్పటికీ అనుకోను. రాసే ముందు పొటాషియం చూశాను, 4.7. వారం తర్వాత మళ్లీ రక్తపరీక్షకి రమ్మని నోటితో చెప్పాను. చీటీ మీద రాయలేదు. ఆవిడ రాలేదు. రాలేదని నేను గమనించలేదు. అలాంటి మనిషికి విరేచనాలు పట్టుకుంటే ఏ మాత్రలు ఆపాలో కూడా చెప్పలేదు. ఒక్క పూట కూడా మానకూడదని మాత్రం ప్రతి విజిట్‌కీ చెప్పాను. కోడలు నా మాటే పాటించింది.

ఇది నా ఒక్కడి ఓపీలో జరిగేది కాదు. 1999లో స్పైరనొలాక్టోన్ గుండె వైఫల్యంలో మరణాలని 30 శాతం తగ్గిస్తుందని ఒక పెద్ద పరిశోధన తేల్చింది. డాక్టర్లు ఉత్సాహంగా రాయడం మొదలుపెట్టారు. కెనడాలోని ఒంటారియోలో, ఏసీఈ ఇన్హిబిటర్లు (టెల్మిసార్టన్‌కి దగ్గరి రకం మందులు) వాడుతూ గుండె వైఫల్యం ఉన్న వృద్ధుల లెక్కలు తీస్తే, పొటాషియం పెరిగి ఆసుపత్రిలో చేరేవాళ్లు 1994లో వెయ్యికి 2.4 ఉన్నది 2001 నాటికి 11కి చేరింది. మందు మంచిదే. అది వెళ్లి పడిన ఒంట్లో ఎంత జాగా మిగిలుందో కొలవకపోవడం వల్ల వచ్చిన నష్టం అది.

డిశ్చార్జి రోజున కొడుకు ఫోన్లో ఒక ప్రకటన చూపించాడు. "ఒంట్లో బయో ఎలక్ట్రిసిటీ పెంచే కడియం అంటండీ, అమ్మకి కొననా?" ఈ మాటకి ఇప్పుడు గిరాకీ బాగా ఉంది. జీవవిద్యుత్తు మీద నిజమైన పరిశోధన జరుగుతోంది. అమెరికాలో టఫ్ట్స్ యూనివర్సిటీలో మైఖేల్ లెవిన్ బృందం కప్ప పిల్లల్లో కణాల వోల్టేజీని మార్చి, క్యాన్సర్ జన్యువు పెట్టినచోట కణుతులు ఏర్పడటాన్ని తగ్గించగలిగామని 2013లో చూపించింది. అలాంటి పని వింటే నాకు చాలా ఆశ కలుగుతుంది. కానీ అది కణపొర మీద ఒక్కో తలుపునీ ఎంచి తెరిచి, మూసి చేసే పని. చేతికి తొడిగే కడియం మైనస్ 77ని మైనస్ 95 చేయలేదు. కడియం డబ్బులతో మూడు నెలలకోసారి ఎలక్ట్రోలైట్స్, క్రియాటినిన్ పరీక్ష చేయించమని చెప్పాను. సరేనన్నాడు.

అటెనొలాల్, స్పైరనొలాక్టోన్ ఆపేశాం. డైక్లోఫెనాక్ బదులు పారాసిటమాల్, మోకాళ్లకి ఫిజియోథెరపీ. బీపీకి సిల్నిడిపిన్ 10 మొదలుపెట్టాం, కాళ్లు వాయలేదు. మెట్‌ఫార్మిన్ ఆపి లినాగ్లిప్టిన్ ఇచ్చాం. టెల్మిసార్టన్ ఆరు వారాల తర్వాత 20 మిల్లీగ్రాములతో తిరిగి మొదలుపెట్టి, తర్వాతి వారం పొటాషియం చూశాం, 4.6. చీటీ కింద ఎర్ర ఇంకుతో రెండు వాక్యాలు రాసిచ్చాను. వాంతులు గానీ విరేచనాలు గానీ పట్టుకుంటే టెల్మిసార్టన్ ఆపి ఫోన్ చెయ్యండి. తర్వాతి రక్తపరీక్ష ఫలానా తేదీ. ఇప్పుడు ఈ రకం మాత్రలున్న ప్రతి చీటీ మీదా ఆ తేదీ ఉంటోంది, రానివాళ్లకి సిస్టర్ ఫోన్ చేస్తోంది.

మూడో నెల విజిట్‌కి మామ్మగారు నడిచి వచ్చారు. కోడలు ఒక నోటు పుస్తకం తెచ్చింది, బీపీ, పల్స్ రోజూ రాసింది, పేజీకి వారం చొప్పున. పల్స్ 60కీ 72కీ మధ్య. ఈసీజీ తీస్తే పీఆర్ 208.

"బొండాం అసలు ముట్టుకోకూడదా బాబూ? చెట్టు నేను పాతిందే" అని అడిగారు.

పరీక్ష బాగున్నన్నాళ్లు వారానికోసారి చిన్న గ్లాసుడు తాగమన్నాను. ఒంట్లో బాగోనప్పుడు మాత్రం ఓఆర్ఎస్సే అన్నాను. పక్కనే కూర్చున్న కోడలు అది కూడా పుస్తకంలో రాసుకుంది.